సమకాలీన నృత్యం – తొలి పరిచయం

పీర్ల పండుగ రాత్రులలో మన మహమ్మద్‌నగర్ పరిసర గ్రామాలలో హిందువులు, ముస్లిములు కలిసి అలావ చుట్టూ అడుగులు వేయడం మనమందరం ఎరిగినదే. అది త్యాగస్మృతితో కూడిన ఆచారమే గాని కళాప్రదర్శన కాదు. అయినను అక్కడ ఒక సత్యం కలదు. ఆ అడుగులలో కథ లేదు, హస్తముద్రలు లేవు. కాని చూచేవారి గుండె ఆ అడుగుతోనే కొట్టుకుంటుంది. సమకాలీన నృత్యం ప్రస్తావన రాగానే “ఇందులో కథ ఏది? అర్థమేమి?” అని మా విద్యార్థులు ప్రశ్నిస్తుంటారు. అలావ వద్ద ఎవ్వరూ ఈ ప్రశ్న వేయరు. మన పరిచయాన్ని ఇక్కడినుండే ప్రారంభిద్దాం.

శాస్త్రీయ నృత్యానికి నిర్ణీతమైన వ్యాకరణం ఉన్నది. సమకాలీన నృత్యానికి అటువంటి ఏకైక వ్యాకరణం లేదు. శ్వాస, శరీరపు బరువు, నేల, నిశ్శబ్దం దీనికి మూలధాతువులు. ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్లలో అమెరికాలో జన్మించిన ఇసడోరా డంకన్ బ్యాలే పాదరక్షలను విడిచి, వట్టి కాళ్లతో నర్తించింది. తరువాత మార్తా గ్రాహం ఉచ్ఛ్వాస నిశ్వాసాల నుండి దేహాన్ని ముడుచుట, విడుచుట అనే పద్ధతిని రూపొందించింది. మెర్స్ కన్నింగ్‌హాం సంగీతాన్ని, నృత్యాన్ని వేర్వేరుగా రచించి, ఒకే వేదికపై కలిపి చూపాడు.

మన దేశంలో ఈ దారికి ఆద్యుడు ఉదయశంకర్. ఆయన బృందంలో 1935లో చేరిన జోహ్రా సెహగల్ చరిత్ర మన విద్యార్థినులు తెలుసుకొనదగినది. 1912లో సంప్రదాయ ముస్లిం కుటుంబంలో జన్మించిన ఆమె జర్మనీ వెళ్లి, డ్రెస్డెన్‌లో మేరీ విగ్మన్ పాఠశాలలో ఆధునిక నృత్యం అభ్యసించింది. తరువాత అల్మోరాలోని ఉదయశంకర్ కేంద్రంలో బోధించింది. నృత్యం మన ఇండ్లకు తగదనే మాటకు ఆమె జీవితమే సమాధానం.

1985వ సంవత్సరం మనకు మరొక పాఠం చెబుతుంది. ఆ ఏడాది నటరాజ రామకృష్ణ, జాయప సేనాని ‘నృత్త రత్నావళి’ని, రామప్ప శిల్పాలను ఆధారం చేసుకొని పునర్నిర్మించిన పేరిణిని రామప్ప ఆలయం వద్ద ప్రదర్శింపజేశారు. అదే ఏడాది చంద్రలేఖ ‘అంగిక’లో భరతనాట్యాన్ని యోగంతో, కలరిపయట్టుతో జోడించింది. ఒకరు మరుగైనదానిని వెలికితీశారు; మరొకరు ఉన్నదానిని కొత్తగా ప్రశ్నించారు. ఇద్దరికీ పెట్టుబడి కఠోర సాధనయే. కనుక సమకాలీనమంటే తోచినట్లు గంతులు వేయడమని భావించడం పొరపాటు.

మరి కొత్తవారు దీనిని ఎట్లా చూడాలి? మూడు విషయాలు గమనిస్తే చాలు. నర్తకి తన బరువును ఎక్కడ మోపుతున్నది? శ్వాస ఎక్కడ ఆగి, ఎక్కడ విడివడుతున్నది? ఇద్దరు నర్తకుల నడుమ దూరం ఎందుకు పెరిగింది, ఎందుకు తరిగింది? ఈ చూపు మనకు కొత్తది కాదు. నిజాంసాగర్ ఆయకట్టు పొలాలలో నాట్లు వేసే స్త్రీలు ఒకే లయలో వంగి, ఒకే లయలో వెనుకకు జరగడాన్ని ఒక్క గడియ నిలిచి చూచినవారికి ఇది సులభంగా పట్టుబడుతుంది.

విద్యార్థులారా! చిన్ననాటనే గురువు లభించలేదని, ఈ కళ మనది కాదని వెనుదీయకండి. దేహాన్ని గౌరవించి, శ్రద్ధతో చూడడం నేర్చుకొన్ననాడు తొలి పాఠం పూర్తియైనట్లే.