హెలికాప్టర్ రిపేరుకొస్తే గైరో సంగతి ఆఖరున

హాబీ షాపుల్లో, డ్రోన్ సర్వీసు సెంటర్లలో పనికి చేరేవాళ్లు ఎక్కువగా క్వాడ్‌కాప్టర్ల మీద చెయ్యి తిరిగినవాళ్లే. తేడా కనిపిస్తే ల్యాప్‌టాప్‌కి తగిలించి సెట్టింగులు వెతకడం వాళ్లకి అలవాటు. రిమోట్ హెలికాప్టర్ దగ్గర ఆ అలవాటు పనికిరాదు. స్వాష్‌ప్లేట్, దాన్ని ఆడించే మూడు సర్వోలు, లింకులు, బ్లేడ్ గ్రిప్పులు, తోకదాకా పోయే బెల్టు... వీటిలో ఎక్కడ కాస్త లూజున్నా గైరో దాన్ని కప్పిపుచ్చబోయి ఇంకో జబ్బు చూపిస్తుంది. అందుకే ముందు స్క్రూడ్రైవరు పట్టండి, ల్యాప్‌టాప్ తర్వాత.

బల్ల మీద పెట్టగానే మెయిన్ బ్లేడ్లు, తోక బ్లేడ్లు విప్పేయండి. మోటారు వైర్లు కూడా ఊడదీయండి. ఇది చాదస్తం కాదు. 2013 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని ఒక పార్కులో తన హెలికాప్టర్ బ్లేడు తగిలి 19 ఏళ్ల కుర్రాడు చనిపోయాడు.

తర్వాత కస్టమర్ని అడగండి: కింద పడిందా? పడ్డాక ఏమేం మార్చారు? ‘చిన్నగా తగిలిందంతే’ అంటే జాబ్ కార్డు మీద ‘పడింది’ అనే రాసుకోండి.

వణుకు విషయంలో దాని వేగాన్ని గమనిస్తే సగం పని అయిపోయినట్టే. మెయిన్ రోటరు నిమిషానికి 2400 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 40 అన్నమాట. తోక రోటరు దానికి నాలుగైదు రెట్లు వేగం. మిషను మొత్తం బరువుగా ఊగుతుంటే లోపం పైన రోటరులో ఉంది. తోక రెక్క అంచు మసకబారినట్టు సన్నగా అదురుతుంటే తోక షాఫ్టో, అక్కడి బేరింగో, మోటారో చూడాలి.

పైనుంచి వచ్చే ఊగుడులో నేను మొదట అనుమానించేది స్పిండిల్‌ని. రెండు బ్లేడ్ గ్రిప్పులనీ కలిపే ఆ సన్నటి కడ్డీ చిన్న దెబ్బకే వంగుతుంది, బయటికి కనిపించదు. బయటికి తీసి అద్దం పలక మీద దొర్లించండి. కింద వెలుగు సందు కనిపించి మాయమవుతుంటే వంగినట్టే. మెయిన్ షాఫ్టుకీ ఇదే పరీక్ష. సుత్తితో సాపు చేసే పని పెట్టుకోవద్దు, కొత్తది వేయండి. బ్లేడు బోల్టుల బిగువు కూడా చూడండి. మిషన్ని పక్కకి తిప్పి పట్టుకుంటే బ్లేడ్లు వాటంతటవి వాలకూడదు, కొద్దిగా కుదిపితే వాలాలి. ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే ట్రాకింగు. బ్లేడు చివర్లకి రెండు రంగుల టేపు అంటించి, దూరం నుంచి చూసి, ఏది ఎత్తులో తిరుగుతోందో పట్టుకుని దాని లింకు సరిచేయాలి.

తోక ఆడితే అందరూ గెయిన్ తగ్గిస్తారు. గెయిన్ ఎక్కువైతే తోక చకచకా ఆడే మాట నిజమే. కానీ తోక స్లైడరు పట్టేసినా, తోక బ్లేడు బోల్టులు మరీ బిగించినా అదే ఆట. స్లైడరు వేలితో నెడితే జారాలి. ఒక్కసారిగా పైకి లేపినప్పుడు తోక పక్కకి తిరిగిపోతుంటే బెల్టు జారుతోందేమో, రోటరు వేగం తక్కువుందేమో చూడండి. నేల వదలగానే బొంగరంలా తిరిగితే గైరో దిశ తిరగబడి ఉంటుంది. మోటారు వైర్లు ఊడదీసే ఉంచి, కరెంటిచ్చి, ముక్కుని చేత్తో ఎడమకి తిప్పండి. రడ్డరు స్టిక్కు కుడికి నొక్కినప్పుడు తోక సర్వో ఎటు కదులుతుందో ఇప్పుడూ అటే కదలాలి.

మొదట్లో బాగా ఎగిరి, కాసేపటికి నీరసపడితే బ్యాటరీని అనుమానించండి. లిపో సెల్ నిండితే 4.2 వోల్టులు. వాడకుండా దాచేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. మన మే నెల ఎండలో కారులో వదిలేసి ఉబ్బిపోయిన ప్యాకుని ఎంత బతిమాలినా ఛార్జి చేయకండి.

ఒకటి మాత్రం లోపం కాదు. పైనుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో రోటరు తిరిగే మిషను గాల్లో నిలిచినప్పుడు కొద్దిగా కుడికి ఒరుగుతుంది. తోక రోటరు ఎడమకి నెట్టేదానికి అది ఎదురు బలం. దీన్ని సరిచేయమని వచ్చేవాళ్లుంటారు. అర్థమయ్యేలా చెప్పి పంపండి, డబ్బు తీసుకోకండి.

ఒక్కసారికి ఒక్కటే మార్చండి, మార్చింది కార్డు మీద రాయండి. రెండు కలిపి మార్చితే ఏది పనిచేసిందో మీకే తెలియదు, రేపు అదే మిషను మళ్లీ వస్తే కథ మొదటికొస్తుంది. తిరిగి ఇచ్చేముందు ఖాళీ స్థలంలో మీరే ఎగరేసి చూడండి. దింపాక మోటారు, బ్యాటరీ, సర్వోలు తాకి చూడండి. ఏ ఒక్క సర్వో మిగతావాటికంటే వేడిగా ఉన్నా ఆ మిషన్ని ఆ రోజు ఇవ్వొద్దు.