జనుము చల్లవలసిన అదను

కృష్ణా డెల్టాలో వరిచేలకు బలమిచ్చు పైరులలో జనుము ముఖ్యమైనది. ఇది పప్పుజాతి మొక్క. దీని వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి మొక్కకు ఇచ్చును. మొక్కను చేలో దున్ని కలిపినచో ఆ బలము వరికి చెందును. అదను తప్పినచో విత్తనపు ఖర్చు మాత్రమే మిగులును.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన నాటినుండియు, 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చిన పిమ్మటను, మన సేద్యము కాలువ నీటిని బట్టియే నడచుచున్నది. నీరు ఏటేట ఒకే తేదిని రాదు. కాబట్టి జనుమునకు తేదీని గాక ఊడ్పును గురుతుగా పెట్టుకొని వెనుకకు లెక్కింపవలెను. పైరు పెరుగుటకు 45 దినములు, మురుగుటకు 7 నుండి 10 దినములు కావలెను. నారు ఎదుగుటకు 25 నుండి 30 దినములు పట్టును. అనగా నారు పోయుటకు సుమారు నెల ముందే జనుము చల్లవలెను. ఆరుద్ర కార్తెలో నారు పోయువారు రోహిణి కార్తెలో వేసవి జల్లు పదునునకో, బోరు నీటికో ఎకరమునకు 12 నుండి 15 కిలోల గింజలు చల్లుదురు గాక.

మొగ్గ తొడుగగనే దున్నవలెను. పూత ముదిరినచో కాడ నారయెక్కి త్వరగా మురుగదు. నీరు నిలుచు పల్లపు చేలలో జనుము చచ్చును. అచ్చట జీలుగయే మేలు.

వేసవిలో పదును దొరకనివారు వరికోతకు కొలది దినములు ముందు, చేను తడిగా నుండగనే గింజలు చల్లవచ్చును. శీతకాలమున పగలు పొట్టియగుటచే పైరు ఎక్కువ ఎత్తు పెరుగకయే పూయును. కావున గింజ కొంచెము ఒత్తుగా వేయవలెను. పూతదశలో కోసి పశువులకు మేపవచ్చును. గింజలలో విషాంశము గలదు గనుక కాయ ముదిరినదానిని మేపరాదు.

ఇంగ్లీషువారు జనుమునకును గంజాయి జాతి నారమొక్కకును హెంప్ అను పేరే పెట్టిరి గాని, ఆ రెండును వేరు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ప్రకారము లైసెన్సు లేక గంజాయి మొక్క పెంచినవారికి 10 సంవత్సరముల వరకు కఠిన కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా గలవు. జనుమునకు అట్టి నిషేధమేమియు లేదు.

సభ్యులు తమకు కావలసిన విత్తనమును వేసవి ఆరంభముననే సంఘమునకు తెలుపుట మంచిది. రోహిణిలో వెదకిన విత్తనము ఆరుద్రలో దొరకినను ప్రయోజనము లేదు.