పురుగు దాహం ఆకే తీర్చాలి: మల్బరీ చెట్టులో నీటి ప్రయాణం



బెంగళూరు చుట్టుపక్కల దేవనహళ్లి, విజయపుర, శిడ్లఘట్ట వైపు గానీ, అటు కోలారు, హిందూపురం వైపు గానీ పురుగులు పెంచే మనందరికీ ఎండాకాలం పంటంటే గుబులే. బోరులో నీళ్లు తగ్గుతాయి, గాలిలో తేమ ఉండదు. అందుకే ఈ వారం పాఠం మందుల గురించి కాదు. మల్బరీ చెట్టు నీళ్లు ఎలా తాగుతుంది, ఎలా పైకి పంపుతుంది, ఎలా పోగొట్టుకుంటుంది అనేది చూద్దాం.

పట్టుపురుగు విడిగా నీళ్లు తాగదు. దానికి కావలసిన నీళ్లన్నీ ఆకులోంచే రావాలి. చాకీ పురుగులకు వేసే లేత ఆకులో నూటికి 80 పాళ్ల దాకా, పెద్ద పురుగుల ఆకులో 70 పాళ్ల దాకా నీళ్లే ఉంటాయి. వాడిన ఆకు వేస్తే పురుగు సరిగ్గా తినదు. అన్నీ ఒకేసారి జ్వరానికి కూర్చోవు. చివరికి గూడు బరువు తగ్గుతుంది.

*1. వేరు తాగడం*
నీళ్లు తాగేది లావుపాటి వేరు కాదు. సన్న వేళ్ల కొసల దగ్గరుండే, కంటికి సరిగ్గా ఆనని నూగు వేళ్లు. వాటి లోపల ఉప్పుల గాఢత బయట మట్టి నీటిలో కన్నా ఎక్కువ, అందుకే నీళ్లు లోపలికి వస్తాయి. అదే మొదట్లో యూరియా గుప్పించామనుకోండి, లెక్క తిరగబడుతుంది. ఊరగాయకి మామిడి ముక్కల్లో ఉప్పు వేస్తే నీళ్లు ఊరినట్టు, వేరులోంచే నీళ్లు బయటికి వస్తాయి. పొలం తడిగా ఉన్నా చెట్టు వాడుతుంది.

ఇంకో మాట. వేరుకు గాలి కూడా కావాలి. చాళ్లలో నీళ్లు రోజుల తరబడి నిలిస్తే వేరు ఊపిరాడక నీళ్లు తాగడం మానేస్తుంది.

*2. నీటితోపాటే ఎరువు*
నత్రజని, పొటాష్, సున్నం, ఇనుము అన్నీ నీటిలో కరిగితేనే వేరులోకి వెళ్తాయి. పొడి నేలలో వేసిన ఎరువు డబ్బు దండగ. మైసూరు కేంద్ర పట్టు పరిశోధన సంస్థ 1997లో విడుదల చేసిన వి-1 రకానికి, నీటి వసతి ఉంటే, హెక్టారుకు ఏడాదికి 350 కిలోల నత్రజని, 140 భాస్వరం, 140 పొటాష్ సిఫారసు. దాన్ని ఒక్కసారే కాకుండా పంట పంటకీ పంచి, తడి ఉన్నప్పుడే వేయాలి.

ఆకు రంగు చూసి లోటు పట్టుకోవచ్చు. నత్రజని తగ్గితే ముందు కింది ముదురు ఆకులు పసుపెక్కుతాయి, ఎందుకంటే చెట్టు అక్కడి నత్రజనిని పై చిగుళ్లకు తరలించగలదు. ఇనుమును అలా తరలించలేదు. అందుకే ఇనుము తగ్గితే చిగురాకే పాలిపోతుంది, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటాయి.

*3. పైకి లాగేది ఆకే*
మోటారు లేకుండా నీళ్లు కొమ్మ చివరికి ఎలా ఎక్కుతాయి? వేరు తోయడం వల్ల కాదు, ముఖ్యంగా ఆకు లాగడం వల్ల. కొబ్బరి బొండంలో స్ట్రా పెట్టి పీల్చినట్టే. ఆకు అడుగున ఉండే సన్న రంధ్రాల్లోంచి నీళ్లు ఆవిరవుతుంటే, కాండంలోని సన్న గొట్టాల్లో నీటి తీగ పైకి కదులుతుంది. వేరు తాగిన నీటిలో నూటికి 95 పాళ్లకు పైగా ఇలా గాలిలోకే పోతుంది. అది వృథా కాదు. ఆ రంధ్రాలు తెరిస్తేనే గాలి లోపలికి వెళ్లి చెట్టు ఆహారం తయారు చేసుకుంటుంది.

నమ్మకం కుదరకపోతే పొద్దున 10 గంటలకు ఒక కొమ్మకు పారదర్శకమైన కవరు తొడిగి కట్టండి. మధ్యాహ్నానికి లోపల నీటి బొట్లు కనిపిస్తాయి.

*4. మరి ఆకు ఎప్పుడు కోయాలి?*
మధ్యాహ్నం ఆకు పోగొట్టుకునే నీళ్లను వేరు అందించలేదు. రాత్రి రంధ్రాలు మూసుకుంటాయి, చెట్టు మళ్లీ నిండుతుంది. మేమూ ఒక ఏప్రిల్‌లో కూలీలు ఆలస్యంగా వచ్చారని ఒంటిగంటకు ఆకు కోయించి, పురుగులు సగం వదిలేస్తే తెల్లబోయాం. అప్పటినుంచి ఇవి పాటిస్తున్నాం:

• తెల్లవారుజామున గానీ, ఎండ తగ్గాక సాయంత్రం గానీ కోయాలి.
• కోసిన ఆకుకు వేరు తోడు ఉండదు, ఆవిరి మాత్రం ఆగదు. వెంటనే నీడకు చేర్చి తడి గోనెపట్టా కప్పాలి.
• కుప్పగా తొక్కి పెట్టొద్దు. ఆకు ఊపిరి తీస్తూనే ఉంటుంది, కుప్ప వేడెక్కి పాడవుతుంది.
• నీళ్లు ఆకు లోపల ఉండాలి, పైన కాదు. తడి ఆకు వేస్తే తట్ట చెమ్మగిల్లి రోగాలొస్తాయి.

చివరగా ఒక గుర్తు. మధ్యాహ్నం తోట వాడి, సాయంత్రానికి తేరుకుంటే కంగారు పడొద్దు. తెల్లారి కూడా తల వాల్చే ఉంటే మాత్రం వేలు పెట్టి మట్టి చూడండి. పొడిగా ఉంటే ఆ రోజే తడి ఇవ్వండి. బురదగా ఉంటే నీళ్లు ఆపండి.

రేపు తెల్లారి తోటలోకి వెళ్లినప్పుడు చూసి, మీ తోట సంగతి గ్రూపులో రాయండి.