జీపు, కారు వెనుక కమానుల బుష్షులు: అరుగుదలను కనిపెట్టుట, మార్చుట

పైరుకు తెగులు సోకినప్పుడు ఆకును తిప్పి చూడకుండ మందు చల్లువానిని మనము తెలివిగల రైతు అనము. బండి విషయములో మాత్రము చాలమంది ఆ పనియే చేయుచున్నారు. వెనుక టక్కుమని చప్పుడు వినబడగానే షాకబ్జార్లు మార్పించుదురు. చప్పుడు పోదు, డబ్బు పోవును. తర్లుపాడు, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో కందులు, మిర్చి బస్తాలు మోయు పికప్పులకును, పాత జీపులకును, 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు కార్లకును వెనుక కమాను కట్టలే యుండును. ఆ కట్టల కొనలయందలి రబ్బరు బుష్షులను మొదట చూడవలెను.

కమాను ముందు కన్ను చాసీకి బోల్టుతో బిగింపబడియుండును. వెనుక కన్ను షాకిలు అను రెండు పట్టీల నడుమ నుండును. బరువు పడగా కమాను చదునై పొడవు సాగును; ఆ సాగుదలకు చోటిచ్చుటకే షాకిలు ఊగును. కన్నులో బోల్టు చుట్టును రబ్బరు బుష్షు ఉండును. ఇది ఎడ్లబండి ఇరుసుపై చక్రమువలె జారుచు తిరుగునది కాదు. రబ్బరు తనలో తానే మెలిపడి, మరల విడును. కనుక దీనికి కందెన అక్కరలేదు. పైగా గ్రీజు, ఇంజను నూనె తగిలినచో రబ్బరు ఉబ్బి మెత్తబడును. చప్పుడు వచ్చిన చోట నూనె పోయు అలవాటును మానవలెను. గ్రీజు పట్టించు నిపుల్ గల లోహపు బుష్షులు వేరు. కొన్ని లారీలకు, ట్రాలీలకు అవి యుండును. వానికి గ్రీజు తప్పక పెట్టవలెను.

అరిగిన గుర్తులు ఇవి. గుంతలో చక్రము దిగినప్పుడు, బండిని వెనుకకు నడిపి మరల ముందుకు కదల్చినప్పుడు టక్కుమనును. మలుపులో వెనుక భాగము ఒక క్షణము ఆలస్యముగా తిరిగినట్లు తోచును. ఖాళీ బండితో ఊరి దారిలో ఇది తెలియకపోవచ్చును. మనుష్యులను ఎక్కించుకొని దోర్నాల నుండి శ్రీశైలమునకు గాని, గిద్దలూరు నుండి నంద్యాలకు గాని నల్లమల ఘాటులో పోవునప్పుడు ఆ ఒక్క క్షణమే ప్రాణాపాయము తేగలదు.

పరీక్షకు ఖర్చు లేదు. ముందు చక్రములను తిన్నగా నుంచి, ముందు చక్రము నడిమి నుండి వెనుక చక్రము నడిమికి సాగని పురికొసతో రెండు ప్రక్కల కొలువవలెను. వేలు మందము తేడా వచ్చినచో ఇరుసు జరిగినదేమోనని అనుమానింపవచ్చును. పిమ్మట కమాను కంటి ప్రక్కన చిన్న గడ్డపార మొనతో మెల్లగా ఎత్తి చూడుడు. కన్ను బోల్టుపై వదులుగా కదలుట, రబ్బరు ఒక ప్రక్కకు పిండుకొని వచ్చుట, ఎఱ్ఱని త్రుప్పు పొడి రాలుట అరుగుదలకు గుర్తులు. పైపై సన్నని పగుళ్లు మాత్రమే యున్నచో తొందర లేదు. బుష్షులు గట్టిగా నుండియు కొలత తేడా వచ్చినచో యూ బోల్టులను, కట్ట నడిమి బోల్టును చూడవలెను. అది తెగినను ఇరుసు జరుగును.

మార్చుటకు బండిని చదునైన గట్టి నేలపై నిలిపి, ముందు చక్రములకు అడ్డు పెట్టుడు. ఎఱ్ఱనేలలో జాకీ దిగబడును గనుక క్రింద మందమైన చెక్క వేయవలెను. చాసీని ఇనుప స్టాండ్లపై నిలుపవలెను. మన ప్రాంతమున పలకరాయి చేతికందునంత దగ్గర నుండును. ఇటుకలను గాని ఆ రాతిని గాని ఆధారముగా పెట్టరాదు. పలకరాయి పొరలుగా విడిపోవును. ఒక్క జాకీనే నమ్మి బండి క్రిందికి పోరాదు.

రెండవ జాకీతో ఇరుసును మోయించి, కమానుపై బరువు లేకుండ చేసి, ఒక్కొక్క ప్రక్కనే విప్పవలెను. పాత బుష్షును నిప్పుతో కాల్చి తీయువారున్నారు. అట్లు చేసినచో కమాను ఉక్కు పదును చెడును. పొడవైన బోల్టు, వాషర్లు, తగిన గొట్టపు ముక్క కలిపి నట్టు త్రిప్పుచు లాగినచో బుష్షు నెమ్మదిగా వెలికి వచ్చును. కంటి లోపలి త్రుప్పును గరుకు కాగితముతో తీసి, సబ్బునీరు పూసి, క్రొత్తదానిని అదే పద్ధతిని ఎక్కించుడు. బయట లోహపు తొడుగున్నచో ఒత్తిడి దానిపైననే పడవలెను గాని రబ్బరుపై కాదు. రెండు ప్రక్కల బుష్షులను ఒక్కసారే మార్చుట మేలు. అరిగిన బోల్టులను మరల వాడరాదు.

ఇక అనుభవజ్ఞులు సైతము తప్పు చోటు ఒకటున్నది. బండి పైకెత్తియుండగానే బోల్టులను పూర్తిగా బిగింతురు. అప్పుడు రబ్బరు ఆ వ్రేలాడు స్థితిలోనే పట్టుబడి, బండి నేలకు దిగగానే మెలిపడి, ఎల్లప్పుడును ఆ మెలికతోనే యుండి కొద్దికాలమునకే చిరుగును. క్రొత్త బుష్షు నాసిరకమని కొట్టువానిని నిందించుటలో సగము ఇదియే కారణమని నా అభిప్రాయము. బోల్టులను వదులుగా ఎక్కించి, చక్రములను నేలపై దింపి, వెనుక భాగమును నాలుగైదు మార్లు అణచి వదలి, ఆ పిమ్మట బండి పుస్తకములో చెప్పిన బిగువునకు బిగింపవలెను. వంద, రెండువందల కిలోమీటర్లు తిరిగిన పిదప బిగువును, పురికొస కొలతను మరల ఒకమారు చూచుకొనుడు.

కమాను కట్టలకు బదులు చుట్ట స్ప్రింగులున్న క్రొత్త కార్లకు ఇరుసును పట్టియుంచు చేతులలో ఇట్టి బుష్షులే యుండును. గుర్తులును, నేలపై బిగించు నియమమును వానికిని ఇంచుమించు ఇవియే. తీయుటకు మాత్రము ప్రెస్సు కావలెను గనుక వర్క్‌షాపునకు తీసికొనిపోవుట మంచిది.