హస్తం చెప్పే ఎత్తు

గజపతినగరంలో పూలు కొనేవారికి తెలుసు: అమ్మే చేతిని బట్టి మూర మారుతుంది. పొడవైన మనిషికి సాధారణంగా చేయి కూడా పొడవే. మణికట్టు నుండి నడిమి వేలి కొన వరకు గల హస్తం, మనిషి ఎత్తులో సుమారు తొమ్మిదో వంతు.

2017 జనవరి 21న, ఈ ఊరి మీదుగా సాగే రైలు మార్గంలోనే, కూనేరు వద్ద హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి దాదాపు 40 మంది మరణించారు. అటువంటి ఘోర ప్రమాదాలలో హస్తం మాత్రమే లభిస్తే, దాని కొలతతో వైద్యులు మృతుని ఎత్తును అంచనా వేయగలరు. స్త్రీలకు, పురుషులకు సూత్రాలు వేరు; ఒక ప్రాంతపు ప్రజలను కొలిచి కట్టిన సూత్రం మరొక ప్రాంతానికి సరిపోకపోవచ్చు. హస్తం 18 సెంటీమీటర్లయితే ఎత్తు సుమారు 162. కాని కొన్ని సెంటీమీటర్ల తేడా తప్పదు. కనుక ఈ కొలత ఆరడుగుల వ్యక్తిని జాబితా నుండి తొలగించగలదే గాని, మిగిలినవారిలో ఒకరిని చూపలేదు. దీనినే నమ్మితే ఒక కుటుంబం పరాయివారికి అంత్యక్రియలు జరిపే ప్రమాదం ఉంది. ఆ వ్యక్తి ఎవరన్నది రక్తసంబంధీకుల నమూనాలతో పోల్చి డి.ఎన్.ఎ. పరీక్ష తేల్చగలదు.