కొత్త టెస్టరు బెంగ – సంఘం బాధ్యత

పాల సంఘంలో టెస్టరు పని తేలికని చాలామంది సభ్యుల అభిప్రాయం. పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు. మిగతాదంతా ఖాళీయే గదా అంటారు. దమ్మపేట, అశ్వారావుపేట, బూర్గంపాడు వైపు అడవి అంచు పల్లెల్లో కొత్తగా చేరిన కుర్రవాణ్ణి అడిగి చూడండి. వెన్న తక్కువ వచ్చిందని నిలదీసేది పరాయివాడు కాదు, సొంత మేనమామే. నలుగురిలో మాట పడ్డాక రాత్రి నిద్ర పట్టదు, అన్నం సయించదు, మర్నాడు కేంద్రం తలుపు తీయాలంటే గుండె దడ. ఇది పిరికితనం కాదు. కొత్త బాధ్యత మీద పడినప్పుడు ఎవరికైనా కలిగేదే.

బెంగలో సగం, కారణం చెప్పలేకపోవడం వల్ల వస్తుంది. పాలు పిండేటప్పుడు మొదటి ధారల్లో వెన్న తక్కువ, ఆఖరి ధారల్లో ఎక్కువ. ఆఖరి పాలు దూడకు వదిలితే కేంద్రానికి వచ్చేవి పలుచని పాలే. రెండు పూటల నడుమ ఎడం ఎక్కువైనా వెన్న శాతం తగ్గుతుంది. పాలు బాగా కలపకుండా నమూనా తీస్తే లెక్క తప్పుతుంది. గెర్బరు పద్ధతిలో ఆమ్లం 10 మి.లీ., పాలు 10.75 మి.లీ., అమైల్ ఆల్కహాలు 1 మి.లీ.; చేయి వణికి కొలత తప్పినా అంతే. యంత్రం ఉన్నచోట కూడా కలపడం మనిషి పనే. సభ్యుని కళ్ళ ముందే కలిపి, నమూనా తీసి, అనుమానమంటే రెండోసారి పరీక్షించి చూపాలి. గూడెం నుంచి వచ్చిన అక్కకు కోయ మాటల్లో చెప్పగలిగితే మరీ మంచిది.

కొన్ని కష్టాలు అతని చేతిలో లేనివి. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. అలా దారులు మునిగి బండి రాక పాలు విరిగితే టెస్టరును తిట్టి లాభమేమిటి?

1949 మే 13న వర్గీస్ కురియన్ ఆనంద్‌లో దిగినప్పుడు ఆయనకూ మనసు నిలవలేదు. ప్రభుత్వ ఖర్చుతో చదివినందుకు ఒప్పందం ప్రకారం వచ్చిన ఉద్యోగం అది. పెళ్ళికానివాడు, మాంసం తినేవాడని ఊళ్ళో ఇల్లు దొరకలేదు, గ్యారేజీలో ఉన్నారు. వదిలి వెళ్ళబోతుంటే త్రిభువన్‌దాస్ పటేల్ తమ పాల సంఘం యంత్రాలు సరిచేయడానికి ఆగమన్నారు. ఆ తరువాత ఆనంద్‌నే ఇల్లు చేసుకొన్నారు. మన టెస్టర్లందరూ కురియన్లు కానక్కరలేదు గాని, త్రిభువన్‌దాస్ వంటి అధ్యక్షుడు మాత్రం ప్రతి సంఘానికీ కావాలి.

కనుక తొలి నెలల్లో పాలకవర్గ సభ్యుడొకరు రోజూ ఒక పూట కేంద్రంలో కూర్చోవాలి. తగాదా వస్తే ఆయనే మాట్లాడాలి, టెస్టరు పరీక్ష చూసుకొంటాడు. లెక్కల పుస్తకం ఏ పూటకా పూట రాయించాలి. పేరుకొన్న లెక్క కంటే నిద్ర చెడగొట్టేది మరొకటి లేదు. వారానికొక పూట బదులు మనిషిని పెట్టి సెలవివ్వాలి. రెండు వారాలు గడిచినా నిద్ర, ఆకలి కుదురుకోకపోతే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించాలి. టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు. ఆ నంబరు పాల ధరల పట్టిక పక్కనే గోడ మీద రాసి ఉంచండి.