జబ్బు రాకముందే మొదలయ్యే ఉద్యోగాలు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎరగని ఊరు అరుదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస ఇలా ఏ మండలం తీసుకున్నా అంతే. బాధితుల్లో చాలామందికి షుగరు లేదు, బీపీ లేదు. కొబ్బరితోటల్లో, జీడితోటల్లో, పొలాల్లో రెక్కల కష్టం మీద బతికేవాళ్లు. రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరిగిపోయి డయాలసిస్ మంచం దాకా వచ్చాకే చాలామందికి సంగతి తెలుస్తోంది. 2023లో పలాసలో పరిశోధన కేంద్రంతో కలిపి కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. హిరమండలం రిజర్వాయర్ నుంచి వంశధార నీళ్లను పైపుల ద్వారా ఊళ్లకు తెచ్చారు. ఇంత జరిగినా, అసలు ఈ జబ్బు ఎందుకొస్తోందన్న ప్రశ్నకు అందరూ ఒప్పుకునే జవాబు ఇంకా దొరకలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోని రైతులకూ, నికరాగువా, ఎల్ సాల్వడార్‌ల చెరకుతోటల కూలీలకూ ఇలాంటి జబ్బే వస్తోంది. అక్కడా ఇదే ప్రశ్న.

దీనికి జవాబు వెతకడమే జీవనోపాధిగా పెట్టుకున్నవాళ్లున్నారు. వాళ్లలో చాలామంది డాక్టర్లు కారు. నీట్‌లో ర్యాంకు రాలేదని ఇంట్లో ముఖం చాటేస్తున్న బైపీసీ విద్యార్థులు ముందు తెలుసుకోవాల్సింది ఈ సంగతే.

ఉద్దానంలో పరిశోధన మొదలుపెట్టాలంటే ఏం చేయాలో ఒకసారి ఆలోచించండి. ముందు ఎంతమందికి జబ్బుందో లెక్క తేలాలి. ఆసుపత్రి రిజిస్టరు చూసి లెక్కవేస్తే కుదరదు. ఆసుపత్రికి వచ్చినవాళ్లే అందులో ఉంటారు. బస్సు చార్జీ లేక ఇంట్లోనే ఉండిపోయినవాళ్లు, జబ్బు ఉన్నట్టే తెలియనివాళ్లు ఉండరు. అందుకని ఊళ్లను, ఊళ్లలో ఇళ్లను, ఇళ్లలో మనుషులను లాటరీ పద్ధతిలో ఎంచుకుని, ఆరోగ్యంగా కనిపించేవాళ్లకు కూడా రక్తం, మూత్రం పరీక్ష చేయాలి. ఎన్ని ఇళ్లు తీసుకుంటే ఫలితాన్ని నమ్మవచ్చో చెప్పేది స్టాటిస్టిక్స్ చదివిన మనిషి. పరీక్ష కూడా ఒక్కసారి చేసి వదిలేస్తే చాలదు. రోజంతా ఎండలో పనిచేసి నీళ్లు తాగని మనిషికి క్రియాటినిన్ తాత్కాలికంగా పెరగవచ్చు. మూడు నెలల తర్వాత మళ్లీ చూసినా అలాగే ఉంటేనే దీర్ఘకాలిక జబ్బు అంటారు. మూడు నెలల తర్వాత అదే మనిషిని వెతికి పట్టుకోవడం, మళ్లీ సూది గుచ్చడానికి ఒప్పించడం ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ పని. ఆ మనిషి ఈలోపు వలస వెళ్లిపోయి ఉండవచ్చు కూడా.

లెక్క తేలాక పోలిక మొదలవుతుంది. ఒకే ఊళ్లో, ఒకే వయసులో జబ్బు ఉన్నవాళ్లను, లేనివాళ్లను పక్కపక్కన పెట్టి చూస్తారు. ఎవరు ఏ బావి నీళ్లు తాగారు, ఎండలో ఎన్ని గంటలు పనిచేశారు, ఏ పురుగుమందు కొట్టారు, ఒళ్లునొప్పులకు ఏ బిళ్లలు వాడారు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడుగుతారు. నీళ్లలో సిలికా, భార లోహాలు ఎంతున్నాయో చెప్పడానికి కెమిస్ట్రీ, జియాలజీ చదివినవాళ్లు కావాలి. వంశపారంపర్య కారణాలు చూడటానికి జెనెటిక్స్ వాళ్లు కావాలి. అడిగిన ప్రశ్నకు జనం ఎందుకు ఒక రకంగా జవాబిస్తారో, ఎందుకు దాస్తారో అర్థం చేసుకోవడానికి సామాజిక శాస్త్రం తెలిసినవాళ్లు కావాలి. వీటన్నిటినీ ఒక తాటిమీద నడిపే శాస్త్రం పేరు ఎపిడమియాలజీ. కలరా, కోవిడ్ లాంటి అంటువ్యాధుల చదువనే చాలామంది అనుకుంటారు. గుండెపోటు, రక్తహీనత, రోడ్డు ప్రమాదాలు, ఆత్మహత్యలు కూడా దాని పరిధిలోకే వస్తాయి.

ఇలాంటి పరిశోధనకు మన దగ్గర పాత చరిత్రే ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అంటే ఎన్ఐఎన్, 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద విచారణకు పెట్టిన చిన్న విభాగంగా మొదలైంది. 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. పిల్లల్లో రేచీకటి, దాన్ని పట్టించుకోకపోతే వచ్చే అంధత్వం విటమిన్ ఎ లోపం వల్లేనని తెలిశాక, రోజూ బిళ్ల మింగించడం పల్లెల్లో సాధ్యం కాదు కాబట్టి ఆరు నెలలకోసారి పెద్ద మోతాదు ఇస్తే కాలేయం దాచుకుంటుందన్న ఆలోచనను ఈ సంస్థ ఊళ్లలో పరీక్షించి చూసింది. 1970లో అది జాతీయ కార్యక్రమమైంది. ఇప్పుడు అంగన్‌వాడీలో, సబ్‌సెంటర్‌లో చెంచాతో పోసే ఆ పసుపుపచ్చ మందు వెనుక ఉన్నది తార్నాకలో జరిగిన ఆ పని.

అదే సంస్థ 1987-90 మధ్య హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో చేసిన అధ్యయనం నాకు ఇంకా ఇష్టం. అంగన్‌వాడీల ద్వారా ఇచ్చే ఐసీడీఎస్ అనుబంధ ఆహారం అప్పటికి కొన్ని ఊళ్లకు వచ్చింది, కొన్నిటికి ఇంకా రాలేదు. ఆ తేడానే పరిశోధనగా మలిచారు. గర్భిణులకూ చిన్నపిల్లలకూ ఆహారం అందిన ఊళ్లను, అందని ఊళ్లను పోల్చారు. అక్కడితో ఆపేసి ఉంటే మరో నివేదికై మిగిలేది. ఆ పిల్లలు టీనేజీకి వచ్చాక మళ్లీ వెతికి వెళ్లారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. వాళ్ల రక్తనాళాలు తక్కువ బిరుసుగా ఉన్నాయి, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో అందిన తిండి పదిహేనేళ్ల తర్వాత గుండె మీద గుర్తు వదులుతుందని చెప్పడానికి అంత ఓపిక కావలసి వచ్చింది. ఆ కుటుంబాలను కలిపి తర్వాత ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీగా పరిశోధన కొనసాగింది. పాతికేళ్లకు పైగా సాగిన ఇలాంటి పనిలో ఎందరో డేటా ఆపరేటర్లు, న్యూట్రిషనిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్లు పనిచేశారు.

టీకాల వైపు చూస్తే, రోటావైరస్ విరేచనాలు రాకుండా వేసే రోటావాక్ టీకాను హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసింది. దాని మూలం ఢిల్లీ ఎయిమ్స్‌లో నవజాత శిశువుల్లో గుర్తించిన వైరస్ రకం. ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో దాదాపు 6,800 మంది పసిపిల్లల మీద పరీక్షించాక 2016లో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో చేర్చారు. మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. టీకాలే కాదు, 2020లో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు హైదరాబాద్ మురుగునీటి నమూనాల్లో కోవిడ్ వైరస్ ఆనవాళ్లు వెతికి నగరంలో ఎంతమందికి సోకి ఉండవచ్చో అంచనా వేశారు. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ చదివే పిల్లలు ఈ దారిని గట్టిగా చూడాలి.

ఇక చదువుల సంగతి. ఇంటర్ తర్వాత నేరుగా ఈ రంగంలోకి దూకే డిగ్రీలు తక్కువ. అది లోటేమీ కాదు. బీఎస్సీలో స్టాటిస్టిక్స్, న్యూట్రిషన్, మైక్రోబయాలజీ, జువాలజీ, నర్సింగ్, బీఫార్మసీ, బీడీఎస్, ఆయుష్ కోర్సులు, ఆఖరికి కంప్యూటర్ సైన్స్ అయినా మంచి పునాదే. తర్వాత చేసే పీజీయే దారి నిర్ణయిస్తుంది. ప్రజారోగ్యంలో మాస్టర్స్, అంటే ఎంపీహెచ్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ, హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లోనూ ఉంది. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలోని అచ్యుత మేనన్ సెంటర్, చెన్నైలోని జాతీయ ఎపిడమియాలజీ సంస్థ, పుదుచ్చేరి జిప్‌మర్ పేరున్నవి. ఒక జాగ్రత్త. ఎంపీహెచ్ అర్హతలు అన్నిచోట్లా ఒకటి కావు. కొన్ని సంస్థలు వైద్యేతర డిగ్రీలవాళ్లనూ తీసుకుంటాయి, కొన్ని ఆరోగ్య రంగ డిగ్రీ, అనుభవం తప్పనిసరి అంటాయి. ఫీజు కట్టే ముందు నోటిఫికేషన్ పూర్తిగా చదవండి.

లెక్కలంటే ఇష్టం ఉన్నవాళ్లకు నా సలహా సూటిగా చెబుతాను: బయోస్టాటిస్టిక్స్ తీసుకోండి. ఎంపీసీ చదివి, ఇంజినీరింగ్ మీద మనసు లేని పిల్లలకు ఇంతకంటే మంచి దారి నాకు కనబడటం లేదు. వెల్లూరు సీఎంసీలో ఎమ్మెస్సీ బయోస్టాటిస్టిక్స్ ఉంది. ముంబయిలోని ఐఐపీఎస్, అంటే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను నడిపే సంస్థ, జనాభా అధ్యయనం, బయోస్టాటిస్టిక్స్‌లలో పీజీ నడుపుతోంది. మంచి స్టాటిస్టీషియన్ లేక ఆగిపోయే ప్రాజెక్టులు చాలా ఉంటాయి. తిండి మీద ఆసక్తి ఉంటే ఎన్ఐఎన్‌లోనే ఎమ్మెస్సీ అప్లైడ్ న్యూట్రిషన్ ఉంది. దోమల మీద, కీటకాల మీద పనిచేయాలనుకునే జువాలజీ విద్యార్థులకు పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌లో పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీ పీజీ ఉంది. మలేరియా, డెంగీ మన ఏజెన్సీలను వదలనంత కాలం వీళ్ల అవసరం తీరదు.

ఎంబీబీఎస్‌లో చేరినవాళ్లకు ఒక మాట. ఎస్పీఎం, అంటే సామాజిక వైద్యం, సబ్జెక్టును చివరి వారం చదివి గట్టెక్కే పేపరుగా చూడకండి. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థులకు 1979 నుంచి ఎస్టీఎస్ అనే రెండు నెలల పరిశోధన అవకాశం ఇస్తోంది. గైడ్‌ను ఎంచుకుని ప్రతిపాదన పంపాలి. పరిశోధన మీకు పడుతుందో లేదో తేల్చుకోవడానికి ఇంతకంటే చౌక దారి లేదు. పీహెచ్‌డీ వైపు వెళ్లేవాళ్లకు సీఎస్ఐఆర్-యూజీసీ నెట్, డీబీటీ జేఆర్ఎఫ్ పరీక్షలు తలుపు తీస్తాయి. 2023 నుంచి జేఆర్ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, నెలకు 37 వేల రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్‌గా 42 వేలు, ఇంటి అద్దె భత్యం అదనం.

సాఫ్ట్‌వేర్ విషయంలో భయం వద్దు. స్టాటిస్టిక్స్ లెక్కలకు వాడే ఆర్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే ఈ సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు. అంతకంటే కష్టమైన నైపుణ్యం ఇంకొకటుంది. పల్లెలో గుమ్మం ముందు నిలబడి, పనికి వెళ్లే తొందరలో ఉన్న అమ్మను పది నిమిషాలు మాట్లాడించగలగాలి. తెలుగు, వీలైతే గోండి, కోయ, సవర, ఒడియా వచ్చినవాళ్లకు ఇక్కడ ఉండే విలువ కార్పొరేట్ ఆఫీసులో ఉండదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐరన్ బిళ్లలు 1970ల నుంచీ పంచుతూనే ఉన్నారు. బిళ్ల ఇంటికి చేరినా ఎందుకు మింగరు, మింగినా రక్తం ఎందుకు పెరగదు అన్నదానికి జవాబు ల్యాబ్‌లో సగమే దొరుకుతుంది. మిగతా సగం ఆ ఇంటి వంటగదిలో దొరుకుతుంది.

ఈ రంగంలో అడుగుపెట్టే ప్రతి ఒక్కరూ ఖమ్మం కథ చదవాలి. 2009లో ఖమ్మం జిల్లాలోనూ, గుజరాత్‌లోని వడోదర జిల్లాలోనూ 10-14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా ఇచ్చే అధ్యయనం నడిపారు. ఖమ్మంలో చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. అనేక ఫారాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు చేశారు. కొందరు బాలికలు చనిపోవడంతో గొడవై 2010లో అధ్యయనం ఆగిపోయింది. మరణాలకూ టీకాకూ సంబంధం కనబడలేదని విచారణ సంఘం తేల్చింది. కానీ సమ్మతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపుతుంది. అయినా ఆ వ్యవహారం తర్వాత జనంలో పుట్టిన అనుమానం ఏళ్ల తరబడి పోలేదు. చదువురాని తల్లికి ఆమె భాషలో విషయం చెప్పి, వద్దనే హక్కు ఆమెకుందని కూడా చెప్పి, అప్పుడు వేలిముద్ర అడగాలి. ఈ పని తెలియనివాడు ఎన్ని పేపర్లు రాసినా పరిశోధకుడు కాడని నా గట్టి నమ్మకం.

కష్టాలూ చెప్పాలి. మొదటి ఉద్యోగాలు చాలావరకు ప్రాజెక్టు మీద ఆధారపడ్డ కాంట్రాక్టులు. నిధులు అయిపోతే ఉద్యోగం అయిపోతుంది. ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్, ప్రాజెక్ట్ అసిస్టెంట్ జీతాలు సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుడి జీతం పక్కన చిన్నగా కనబడతాయి. ఆడపిల్లలు ఫీల్డుకు వెళ్లాలంటే ఇంట్లో ఒప్పించడం ఇంకో పోరాటం. ఫలితం కళ్లముందు కనబడటానికి ఐదేళ్లు, పదేళ్లు పట్టవచ్చు. మరోవైపు, నాలుగైదేళ్ల అనుభవం, ఒక మంచి పీజీ ఉన్నవాళ్లకు ఐసీఎంఆర్ సంస్థలు, రాష్ట్ర ఆరోగ్య శాఖ ప్రాజెక్టులు, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి సంస్థల ప్రజారోగ్య విభాగాలు, టీకా కంపెనీల క్లినికల్ విభాగాలు, డబ్ల్యూహెచ్‌వో, యూనిసెఫ్ ప్రాజెక్టులు తలుపులు తెరుస్తాయి.

డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లు రిజల్ట్స్ దాకా ఆగకండి. మీకు నచ్చిన సంస్థ వెబ్‌సైట్‌లో ఒక శాస్త్రవేత్త పని చదివి, ఆయనకో ఆమెకో పది వాక్యాల ఈమెయిల్ రాయండి. వాళ్ల పరిశోధనలో మీకు అర్థమైనదేమిటో, మీ ఊళ్లో మీరు గమనించిన ఆరోగ్య సమస్య ఏమిటో, వేసవిలో ఎన్ని వారాలు పనిచేయగలరో రాయండి. బయోడేటా ఒక పేజీ దాటనివ్వకండి. జవాబు రాకపోతే రెండు వారాలాగి ఇంకొకరికి రాయండి.